ఒడిశా కూలీకి ఒక పేరుంటుంది: తెలుగు సంపాదకులకు బహిరంగ లేఖ

తెలుగు దినపత్రికల సంపాదకులకు, వార్తా చానళ్ల ఇన్‌పుట్ ఎడిటర్లకు, జిల్లా డెస్కుల ఇన్‌చార్జులకు

నమస్కారం.

మాలో కొందరం జిల్లా డెస్కుల్లో విలేకరులు పంపే వార్తల కాపీలు దిద్దినవాళ్లం. కొందరం ఇటుక బట్టీల్లో, రైస్ మిల్లుల్లో పనిచేసే వలస కార్మికుల కేసులు చూసేవాళ్లం. వేరే భాష, వేరే తిండి, వేరే పండుగలతో మన మధ్య బతుకుతున్న మనుషుల గురించి మన వార్తలు ఎక్కడ చెడుతున్నాయో, ఎందుకు చెడుతున్నాయో, ఏం మారిస్తే బాగుపడతాయో చెప్పడానికే ఈ లేఖ.

పొరుగు రాష్ట్రం మనిషి మన జోన్ పేజీల్లో, అంటే స్థానిక వార్తల పేజీల్లో, రెండే సందర్భాల్లో కనిపిస్తాడు. చనిపోతే, లేదంటే పట్టుబడితే. చనిపోతే 'ఒడిశా కూలీ మృతి' అని సింగిల్ కాలమ్. పేరు ఉండదు, ఉన్నా తప్పుగా ఉంటుంది. ఊరు అసలే ఉండదు. పట్టుబడితే మాత్రం అతని రాష్ట్రం పేరు హెడ్డింగులోకి ఎక్కుతుంది. ఈ రెంటి మధ్య ఉన్న బతుకంతా, అంటే నాట్లు వేయడం, బస్తాలు మోయడం, సెంట్రింగ్ పని, బడి లేని పిల్లలు, ఏదీ వార్త కాదు. ఇదంతా విలేకరుల మనసులో ఉన్న చులకన అని తేల్చేయడం తేలిక. మేం చూసినంతలో అసలు కారణం అది కాదు. విలేకరి దేనికి ఉత్సాహపడాలో, దేనికి భయపడాలో మీ సంస్థల లెక్కలే నిర్ణయిస్తున్నాయి.

మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్ పరిస్థితి చూడండి. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక మిగతా పత్రికలూ ఆ దారి పట్టాయి. చెరువు గండి, బడి పైకప్పు, బోరు మోటారు పేజీకెక్కాయి. తెలుగు పత్రికారంగం చేసిన గొప్ప పనుల్లో అదొకటి. అయితే ఆ పేజీలు నింపే మనిషికి చాలా చోట్ల ఈనాటికీ జీతం లేదు, లైన్ అకౌంటే. అచ్చయిన లైన్లు కొలిచి నెలాఖరున ఇంత అని ఇస్తారు. ఒక వార్త వచ్చింది, నాలుగు ఫోన్లు చేశాడు, బండి మీద ఊరికి వెళ్లొచ్చాడు, అబద్ధమని తేలింది, పంపకుండా ఆపాడు. అతనికి దక్కేది సున్నా, పెట్రోలు ఖర్చు అదనం. అదే వార్తను వాకబు లేకుండా పంపితే పదిహేను లైన్లు. నిజం కనుక్కోవడం వల్ల నష్టపోయేలా లెక్క కట్టి, నిజాలు రాయమని ఎన్ని వర్క్‌షాపుల్లో చెప్పినా ఏం లాభం?

దీనికి తోడు మిస్సింగ్ భయం. పక్క పేపర్లో వచ్చి మనకు రాకపోతే పొద్దున్నే ఫోను, సంజాయిషీ. తప్పు వార్త పంపితే మాత్రం ఎవరూ అడగరు, ముఖ్యంగా ఆ తప్పు తెలుగు చదవలేని మనిషి గురించి అయితే. అందుకే మండలంలో ఒకరు కాపీ రాసి వాట్సాప్ గ్రూపులో పెడితే మిగతావాళ్లు రెండు మాటలు మార్చి ఎవరి డెస్కుకు వాళ్లు పంపేస్తారు. ఆ మొదటి కాపీకి ఆధారం తరచుగా పోలీస్ స్టేషన్ నుంచి వచ్చిన నాలుగు ముక్కల మెసేజే. మర్నాడు ఐదు పేపర్లలో ఒకే వార్త చూసి పాఠకుడు అది నిజమే అనుకుంటాడు. ఐదూ ఒక్క నోటి మాటే అని అతనికి తెలిసే వీలు లేదు.

ఇంకోటి, చెప్పడానికి అందరూ ఇబ్బంది పడే సంగతి. దసరాకు, సంక్రాంతికి, ఉగాదికి యాడ్స్ టార్గెట్ కూడా ఈ విలేకరి నెత్తినే ఉంటుంది. మండలంలో యాడ్ ఇవ్వగల స్థోమత ఎవరికుంది? బట్టీ యజమానికి, మిల్లు యజమానికి, రియల్ ఎస్టేట్ వ్యాపారికి. అదే బట్టీలో పిల్లాడు మట్టి గుంత నీళ్లలో మునిగి చనిపోతే వార్త రాయాల్సిందీ ఇతనే. ఆ వార్తలో బట్టీ పేరు 'ఓ ఇటుక బట్టీ' అయిపోవడం వింతేమీ కాదు.

ఈ లెక్క వల్ల జరిగే హాని చిన్నది కాదు. 2018 మే నెలలో, ఉత్తరాది ముఠాలు దిగాయని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయని రాయలసీమ నుంచి తెలంగాణ దాకా వాట్సాప్‌లో పుకారు పాకింది. అప్పట్లో దేశమంతా తిరిగిన ఒక వీడియో నిజానికి కరాచీలో పిల్లల భద్రత మీద తీసిన అవగాహన చిత్రం. బండి మీద వచ్చినవాళ్లు పిల్లాణ్ని తిరిగి దించి అట్ట చూపించే చివరి ముక్కను ఎవరో కత్తిరించి వదిలారు. ఆ నెలాఖరులో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో జనం కొట్టిన దెబ్బలకు ఒక ట్రాన్స్‌జెండర్ చనిపోయారు. జూలై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతి మనుషులు ఐదుగురిని కొట్టి చంపారు. అదే కాలంలో జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరికో కానిస్టేబుల్‌ను కేటాయించి, డప్పులతో, పాటలతో పుకార్లు నమ్మొద్దని చెప్పించారు. పుకారును ఆపడానికి ఒక పద్ధతి ఉందని, అది పనిచేస్తుందని దీంతో తేలింది. పత్రికకు ఇంతకంటే పెద్ద యంత్రాంగమే ఉంది, ప్రతి మండలంలో ఒక మనిషి ఉన్నాడు.

అలాంటి వేళ డెస్కు చేయగల పనులు ఇవీ. 'పిల్లల దొంగ అనుమానంతో' అన్న మాటతో కాపీ రాగానే మొదట అడగాల్సిన ప్రశ్న: పిల్లాడు తప్పిపోయినట్టు ఫిర్యాదు ఉందా? ఏ స్టేషన్లో, ఏ నంబరు? లేకపోతే అక్కడ జరిగిన నేరం ఒక్కటే, ఒక మనిషిని గుంపు కొట్టడం. హెడ్డింగు ఆ నేరానికే పెట్టాలి. 'దేహశుద్ధి చేసి పోలీసులకు అప్పగించారు' అనే వాక్యం డెస్కు దాటి పోకూడదు. 'దాడి చేశారు' అని రాయండి, దాడి చేసినవాళ్ల మీద కేసు పెట్టారో లేదో రాయండి. భారతీయ న్యాయ సంహిత 103(2) సెక్షన్ ప్రకారం ఐదుగురు లేదా అంతకు మించి కలిసి జాతి, కులం, పుట్టిన చోటు, భాష వంటి కారణాలతో మనిషిని చంపితే మరణశిక్ష లేదా యావజ్జీవం. భాష, పుట్టిన చోటు అనే రెండు మాటలూ చట్టంలోనే ఉన్నాయి. మూక దాడుల నివారణకు ప్రతి జిల్లాలో ఎస్పీ స్థాయికి తగ్గని నోడల్ అధికారి ఉండాలని సుప్రీంకోర్టు 2018 జూలై 17న ఆదేశించింది. ఆ అధికారి నంబరు డెస్కులో గోడ మీద ఉండాలి. పుకారు మొదలైన రోజే ఆయన మాటతో 'ఇది అబద్ధం' అన్న వార్త మెయిన్ పేజీలో రావాలి. ఎవరో ఒకరు దెబ్బలు తిన్నాక, లోపలి పేజీలో రావడం కాదు.

ఇక ముఠా పేర్లు. పార్థీ గ్యాంగ్, బవారియా గ్యాంగ్, ఇరానీ గ్యాంగ్, స్టువర్టుపురం గ్యాంగ్. వీటిలో మొదటి మూడూ మనుషుల సముదాయాల పేర్లు, నాలుగోది ఊరి పేరు. 1871లో మొదలై, తర్వాత మన ప్రాంతానికీ విస్తరించిన నేరస్థ జాతుల చట్టం కింద పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసిన జాతుల్లో పార్థీలు, బవారియాలు, మన ఎరుకలు ఉన్నారు. స్టువర్టుపురం ఆ చట్టం కింద ఎరుకలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు. నడిపింది సాల్వేషన్ ఆర్మీ, పేరు ఒక బ్రిటిష్ అధికారిది. 1952 ఆగస్టు 31తో ఆ చట్టం పోయింది. మన హెడ్డింగుల్లో మాత్రం పోలేదు. ఆ ఊళ్లో చదువుకుని ఉద్యోగానికి వెళ్లే కుర్రవాడు ఊరి పేరు చెప్పడానికి ఎందుకు వెనకాడతాడో మీకు వేరే చెప్పక్కర్లేదు. కించపరిచే సందర్భంలో కులాన్ని గుర్తుపట్టేలా రాయొద్దని ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాల్లో స్పష్టంగా ఉంది. పోలీసులు ప్రెస్‌నోటులో ఆ పేరు వాడారు కాబట్టి వాడామనడం కుదరదు. నిందితుల పేర్లు, కేసు వివరాలు, దొంగతనం చేసిన తీరు రాస్తే వార్త పూర్తవుతుంది. పాఠకుడు జాగ్రత్త పడాల్సింది తాళం పగలగొట్టే పద్ధతి తెలుసుకుని, జాతి పేరు తెలుసుకుని కాదు.

నేర వార్తకు కనీసం ఈ పరిశీలన జరగాలి. ఎఫ్‌ఐఆర్ నంబరు, సెక్షన్లు అడగాలి. సున్నితమైన కేసులు మినహా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కాబట్టి, స్టేషన్ నుంచి మెసేజ్ తప్ప ఇంకేమీ రాలేదన్న సాకు చెల్లదు. అరెస్టయినవాడు నిందితుడే, దొంగ కాదు, నేరస్థుడు కాదు. రాష్ట్రం, భాష, మతం వార్తకు అవసరమా అని తేల్చడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. అదే నేరం మీ మండలం మనిషి చేస్తే అతని కులమో ఊరో హెడ్డింగులో పెట్టేవారా? పెట్టకపోతే ఇక్కడా వద్దు. పోలీసుల మీడియా సమావేశాలకు మార్గదర్శకాలు తయారు చేయాలని 2023 సెప్టెంబరు 13న సుప్రీంకోర్టు కేంద్ర హోం శాఖను ఆదేశించిన కారణం కూడా ఇదే, విచారణకు ముందే తీర్పులు వెలువడుతున్నాయని.

'వలస కూలీలతో పెరుగుతున్న నేరాలు' అనే ప్రత్యేక కథనం ఏటా ఏదో ఒక జిల్లా పేజీలో వస్తుంది. అందులో నాలుగు పాత సంఘటనలు, ఒక పోలీసు అధికారి మాట, ముఖాలు కనిపించని ఫొటో ఉంటాయి. ఆ ఏడాది మొత్తం కేసులెన్ని, వాటిలో వలస వచ్చినవాళ్ల మీద ఉన్నవెన్ని, జిల్లాలో వాళ్ల సంఖ్య ఎంత, వాళ్లే బాధితులుగా ఉన్న కేసులెన్ని, ఈ నాలుగు అంకెలూ లేకుండా ఆ కథనాన్ని అనుమతించకండి. వాటిలో చివరి అంకె కోసం తిరిగిన విలేకరికి అంతకంటే మంచి కథనం దొరుకుతుంది.

ఎందుకంటే అసలు వార్త బట్టీలోనే ఉంది. పశ్చిమ ఒడిశాలోని బలంగీర్, నువాపడా, కలహండి, బర్గఢ్ జిల్లాల్లో మన వినాయక చవితి మర్నాడు నువాఖాయి, కొత్త బియ్యం పండుగ. ఆ పండుగ దాటాక సర్దార్లు, అంటే కూలీలను కుదిర్చే దళారులు, అడ్వాన్సు పంచడం మొదలుపెడతారు. భార్యాభర్తలు, ఒక పిల్లవాడు కలిసి ఒక యూనిట్, దాన్ని పథురియా అంటారు. నవంబరు, డిసెంబరుల్లో బట్టీకి చేరతారు, జూన్ వానలకు తిరిగి వెళ్తారు. కూలీ రోజుకు కాదు, వెయ్యి ఇటుకలకు ఇంత. వారానికి తిండి ఖర్చులు మాత్రమే ఇస్తూ, సీజన్ చివర అడ్వాన్సు తీసేసి లెక్క తేలుస్తారు. గొడవలు ఎక్కువగా మే, జూన్‌లలోనే ఎందుకు వస్తాయో ఈ ఒక్క సంగతి తెలిస్తే అర్థమవుతుంది. విలేకరికి ఇది తెలియకపోతే లెక్క అడిగిన కూలీలు అతని కాపీలో 'పని వదిలి పారిపోతున్న కూలీలు'గా మారిపోతారు.

బట్టీకి ఎప్పుడు వెళ్లాలో, ఎవరితో మాట్లాడాలో కూడా ముఖ్యం. ఎండ ముదరక ముందే ఇటుక కోయాలి కాబట్టి పని రాత్రిపూటో, తెల్లవారుజామునో మొదలవుతుంది. పదకొండు గంటలకు వెళ్లిన విలేకరికి దొరికేది గుమాస్తా, మిగతావాళ్లు పడుకుని ఉంటారు. సాయంత్రం వంటలప్పుడు వెళ్లాలి. సర్దార్‌ను దుబాసీగా పెట్టుకోకూడదు. అడ్వాన్సు ఇచ్చింది, కమీషన్ తీసుకునేది, తిట్టేది, కొట్టేది అతనే కావచ్చు. వాళ్లు మాట్లాడేది సంబల్‌పురి. కటక్, భువనేశ్వర్ ఒడియా వచ్చినవాళ్లకు కూడా కొంత తేడా పడుతుంది. బట్టీ దగ్గరి బడిలో ఒడియా చెప్పడానికి వచ్చిన వలంటీరు ఉంటే మంచిది. ఎవరూ లేకపోతే కొద్దిగా హిందీ వచ్చిన యువకుణ్ని బట్టీ బయట, మెయిన్ రోడ్డు మీద కలవండి. పేరు, ఊరు, బ్లాకు, జిల్లా ఆధార్ చూసి రాసుకోండి, చెవికి వినిపించినట్టు కాదు. కూలీ మాట వేసినందుకు అతణ్ని మర్నాడు పనిలోంచి తీసేసే ప్రమాదం ఉంటే పేరు దాచండి, మాట మాత్రం దాచకండి.

చావు వార్తలో ఒక్క వాక్యం ఒక కుటుంబాన్ని నిలబెట్టగలదు, ముంచగలదు. పని వల్ల, పని సమయంలో జరిగిన మరణమైతే 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం కింద దావాకు ఆధారం ఉండేది; 2025 నవంబరు నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా స్మృతి వచ్చింది. పాత చట్టంలో దావా వేయడానికి గడువు రెండేళ్లు. కానీ కాపీలో 'మద్యం మత్తులో కాలుజారి' అని ఉంటే, అదే మాట పోలీసు కాగితాల్లోనూ ఉంటే, బలంగీర్‌లోని భార్యకు ఆ క్లిప్పింగే ఎదురు సాక్ష్యం అవుతుంది. అందుకే మత్తు అన్నది ఎవరు చెప్పారు, పోస్టుమార్టం అయిందా, ఎన్ని గంటలకు జరిగింది, అప్పుడు అతను షిఫ్టులో ఉన్నాడా, మృతదేహం ఊరికి పంపే ఖర్చు ఎవరు పెట్టారు, కాంట్రాక్టరుకు లైసెన్సు ఉందా అని అడగండి. సమాధానం రాకపోతే 'యాజమాన్యం వివరాలు చెప్పలేదు' అని బట్టీ పేరుతో సహా రాయండి. వారం తర్వాత మళ్లీ ఒక్క ఫోన్ చేయించండి. ఫాలోఅప్ లేకపోవడం వల్లే ఇలాంటి కేసులు రాజీ పేరుతో కొద్ది డబ్బుకు ముగిసిపోతాయి.

చానళ్లకు కొద్ది మాటలే. తెర మీద బ్రేకింగ్ ప్లేటు పడేది వార్త తేలకముందే కాబట్టి, అందులో జాతి, మతం, రాష్ట్రం పేరు అసలు ఉండకూడదని ఒక నియమం పెట్టుకోండి. వివరాలు తర్వాత పూర్తి కథనంలో చెప్పుకోవచ్చు. పాత దృశ్యాల మీద 'ఫైల్' అని రాయకపోవడం వల్ల ఒక ఊరి రద్దీ బజారు ఇంకో ఊరి నేరానికి నేపథ్యం అవుతోంది. ఫోనోలో, అంటే ప్రసారం మధ్య ఫోన్ సంభాషణలో, రిపోర్టరును యాంకర్ 'వీళ్లంతా ఎక్కడి నుంచి వచ్చారు?' అని అడిగితే, తెలియనప్పుడు తెలియదనే స్వేచ్ఛ రిపోర్టరుకు ఉండాలి. 2020 వసంతంలో కరోనా వ్యాప్తికి తబ్లిగీ జమాత్ అనే ముస్లిం మత సంస్థే కారణమన్నట్టు ప్రసారాలు ఎలా సాగాయో గుర్తుంది కదా. ఆ ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ మీడియా ప్రచారాన్ని తప్పుపట్టింది. మరుసటి ఏడాది రెండు కన్నడ చానళ్లకు స్వీయనియంత్రణ సంస్థ జరిమానా వేసింది. ఆ ప్రసారాలు చూసి ఏ ముస్లిం పండ్ల బండివాడి దగ్గర జనం కొనడం మానేశారో, అతని నష్టం మాత్రం తీరలేదు.

2025 ఆగస్టులో 'మార్వాడీ గో బ్యాక్' నినాదం వచ్చినప్పుడు మళ్లీ అదే జరిగింది. సికింద్రాబాద్ మోండా మార్కెట్‌లో పార్కింగ్ దగ్గర మొదలైన గొడవ స్టూడియోల్లో 'స్థానికులా? మార్వాడీలా?' అన్న చర్చ అయింది. చిన్న కిరాణా వ్యాపారి కష్టం నిజం, పెద్ద పెట్టుబడితో పోటీ నిజం, కొట్టిన వాళ్ల మీద కేసు అవసరం. ఈ మూడూ వేర్వేరు వార్తలు. మూడింటినీ ఒక జాతి పేరుతో ముడివేసి నాలుగు కిటికీల్లో నలుగురిని కూర్చోబెడితే ఒక్కదానికీ సమాధానం రాదు.

తెలుగువాళ్లు బయటి మనుషులుగా ఉన్న చోట్లు తక్కువేమీ కావు. సోలాపూర్, భివండీ మగ్గాలు, గల్ఫ్ లేబర్ క్యాంపులు, అమెరికా ఆఫీసులు. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్‌లోని ఒలేథ్‌లో ఒక తెలుగు ఇంజినీరును కాల్చి చంపిన వ్యక్తి, తాను కాల్చింది ఇరానీలను అని తర్వాత చెప్పుకున్నాడు. ఆ రోజు మన పత్రికలు ఆ యువకుడి పేరు, ఊరు, చదువు, తల్లిదండ్రులు, అతని కలలు అన్నీ రాశాయి. అలాగే రాయాలి. ఎలా రాయాలో మీ డెస్కులకు బాగా తెలుసు అనడానికి అదే రుజువు.

పాఠకులకూ మార్గం తెలియాలి. పత్రిక మీద ఫిర్యాదుకు మొదట సంపాదకుడికి రాయాలి, జవాబు సరిగా లేకపోతే ప్రెస్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దినపత్రిక, వారపత్రిక విషయంలో గడువు వార్త వచ్చిన నాటి నుంచి రెండు నెలలు. చానల్ అయితే 2021 కేబుల్ నియమాల ప్రకారం ముందు చానల్‌కే ఫిర్యాదు. వాళ్లు 15 రోజుల్లో తేల్చాలి, నచ్చకపోతే ఆ తర్వాతి 15 రోజుల్లో స్వీయనియంత్రణ సంస్థకు అప్పీలు. వెబ్‌సైట్లకు కూడా గ్రీవెన్స్ అధికారి ఉండాలి, ఆయనకూ గడువు 15 రోజులే. ఈ వివరాలు ఎడిట్ పేజీ అడుగున, కనీసం వారానికి ఒకసారి, చదవగలిగే సైజులో వేయండి. తప్పు ఏ సైజు హెడ్డింగుతో వచ్చిందో సవరణ కూడా అదే పేజీలో రావాలి. ఒడియా, హిందీ, బెంగాలీలలో ఫిర్యాదు వచ్చినా తీసుకుంటామని ఒక వాక్యం కలపండి.

డబ్బు లెక్కకు తిరిగి వస్తాం, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. వాకబు చేసి అబద్ధమని ఆపేసిన వార్తకు, అచ్చయిన వార్తకు ఇచ్చినంత ఇవ్వండి. ఎవరితో మాట్లాడాడో, ఏం తేలిందో నాలుగు లైన్లు డెస్కుకు పంపితే చాలు. పరిశీలన కోసం ఒక రోజు ఆగిన వార్తకు మిస్సింగ్ సంజాయిషీ అడగొద్దు. కార్మికుల వార్తలు రాసే మనిషి మీద యాడ్స్ టార్గెట్ తీసేయండి. అన్ని మండలాల్లో ఒకేసారి కాకపోతే బట్టీలు, మిల్లులు ఎక్కువగా ఉన్న మండలాల్లో మొదలుపెట్టండి. పెట్రోలు, దుబాసీ ఖర్చుకు జిల్లాకు నెలకింత అని కేటాయించండి.

ఈ సీజన్ బట్టీలు రాజుకునేలోపు, గత ఏడాది మీ జోన్ పేజీల్లో వచ్చిన వలస కార్మికుల వార్తలు తీయించండి. ఎన్నింట్లో పేరు ఉంది, ఎన్నింట్లో ఊరు ఉంది, ఎన్నింట్లో యజమాని పేరు ఉంది, ఎన్నింట్లో కూలీ నోటి మాట ఒక్కటైనా ఉంది అని ఒక సబ్ ఎడిటర్‌తో లెక్క కట్టించండి. ఆ లెక్కను మీ పేజీలోనే అచ్చు వేయండి.

ఇట్లు,
జిల్లా డెస్కుల్లో పనిచేసిన, వలస కార్మికుల కేసులు చూస్తున్న కొందరం